నాలుగో కూర్పుకు సంపూర్ణ తృప్తి

సత్యవేణి మూడేళ్ళు కూర్చుని 'ఏడు కోటలు' ఆటకు నాలుగో కూర్పు రాసింది. ఆఖరి వాక్యం కింద గీత గీసి, కలానికి మూత పెట్టి, కిందకి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి ఆమె బల్లమీద ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి ఉంది.

ఏడు కోటలంటే పేకాట లాంటిది కాదు, కేరమ్స్ లాంటిదీ కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని సూత్రధారి అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం తీసుకుంటారు. ఒకరు దొంగ, ఒకరు సిపాయి, ఒకరు వైద్యుడు. "మీ ఎదురుగా కోట తలుపు ఉంది, లోపల ఎవరో దగ్గుతున్నారు, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. తలుపు తడతానని ఒకరంటారు, గోడ ఎక్కుతానని ఇంకొకరంటారు. గోడ ఎక్కారా, జారిపడ్డారా అన్నది పాచికలు తేలుస్తాయి. ఎంత ఎత్తు గోడకి పాచిక ఎంత పడాలి, పడిపోతే ఏం విరుగుతుంది, ఇలాంటివన్నీ రాసిన పుస్తకం ఒకటి ఉంటుంది. ఆ పుస్తకాన్నే కూర్పు అంటారు. ముప్ఫయ్యేళ్ళలో మూడు కూర్పులు వచ్చాయి. ఒక్కొక్కటీ ముందుదానికంటే లావు.

ఈ ఆట బాగోగులు చూడడానికి ప్రభుత్వం ఏలూరులో రాష్ట్ర బల్ల ఆటల పరిషత్తు అని ఒకటి పెట్టింది. పట్టుపురుగుల శాఖ ఖాళీ చేసి వెళ్ళిన మేడ దానికిచ్చారు. అందులో ఇరవై ఆరుగురు ఉద్యోగులున్నారు. ఆట ఆడడం వచ్చినది మాత్రం సత్యవేణికే. ఆమె హోదా నియమ రచయిత్రి. 

మూడో కూర్పు నాలుగు వందల పేజీలు. పరిషత్తు మెట్లెక్కి వచ్చి, ఈ ఆట ఏమిటో చూద్దామని పుస్తకం తెరిచి, నెమ్మదిగా మూసి, మెట్లు దిగిపోయినవాళ్ళని సత్యవేణి ఎంతోమందిని చూసింది. అందుకే తన కూర్పుని అరవై నాలుగు పేజీల్లో సర్దింది. ఎప్పుడూ ఆడనివాళ్ళు కూడా ఒక పూట చదువుకుని, ఆ పూటే ఆడుకోవాలని ఆమె కోరిక. అంతకు మించిన ఆశయం ఏమీ లేదు.

ఉత్తర్వులో ఇలా ఉంది: "ఇకమీదట వెలువడు ప్రతి నూతన కూర్పు తత్పూర్వపు సమస్త కూర్పుల సమస్త అభిమానులకును సంపూర్ణ తృప్తి కలిగించునదై యుండవలెను. అట్టి తృప్తిని ఒక్కొక్కరి నుండి లిఖితపూర్వకముగా పొందిన పిమ్మటనే ముద్రణకు అనుమతి యీయబడును."

దీనికి కారణం మూడో కూర్పే. రెండో కూర్పులో వైద్యుడు కత్తి పట్టకూడదు. మూడో కూర్పులో పట్టొచ్చు. అది తెలిసి రెండో కూర్పు వాళ్ళు పరిషత్తు ముందు షామియానా వేసి తొమ్మిది రోజులు కూర్చున్నారు. శాసనసభలో ప్రశ్న వచ్చింది. ఇలాంటిది మళ్ళీ జరగనివ్వమని మంత్రిగారు మాటిచ్చేశారు. ఆ మాటే తిరిగి తిరిగి ఇప్పుడు సత్యవేణి బల్లమీదకి చేరింది.

కాగితం పట్టుకుని ఆమె సంయుక్త సంచాలకులు నరహరిగారి గదికి వెళ్ళింది. నరహరిగారికి సర్వీసు ఇంకా నాలుగేళ్ళుంది. ఆయన ఏ కాగితాన్నయినా ముందు వెనక్కి తిప్పి చూస్తారు, వెనక ఏమీ లేదని నిర్ధారించుకుని అప్పుడు చదువుతారు.

"సార్, సంపూర్ణ తృప్తి అంటే ఎంత?" అంది సత్యవేణి.

"సంపూర్ణమంటే సంపూర్ణమేనమ్మా. అసంపూర్ణ తృప్తికి వేరే ఫారం ఉంటుంది. అది తిరస్కరించడానికి."

"అందరికీ తృప్తి కలిగించే పుస్తకం లోకంలో ఎక్కడైనా ఉందా సార్?"

నరహరిగారు కాగితాన్ని మరోసారి వెనక్కి తిప్పి చూశారు. "ఉందో లేదో మనకి తెలియదు. ఉత్తర్వు అయితే ఉంది," అన్నారు.

పేపర్లో ప్రకటన వేశారు. అభిమానులు పేర్లు నమోదు చేసుకోవలెను. ఒకటో కూర్పు వాళ్ళు రెండు వందల పన్నెండు మంది తేలారు, రెండో కూర్పు వాళ్ళు పద్దెనిమిది వందలు, మూడో కూర్పు వాళ్ళు ఆరు వేల పైచిలుకు. పోయినవాళ్ళ సంగతేమిటని తణుకు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. తన తండ్రి ఒకటో కూర్పు అభిమానిగానే కన్ను మూశారనీ, ఆయన తృప్తిని ఎవరూ అడగకపోవడం అన్యాయమనీ అందులో ఉంది. పరిషత్తు పరిశీలించి, పోయినవారి తరఫున చట్టబద్ధ వారసులు తృప్తి చెందవచ్చునని సవరణ ఇచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతపరచాలి.

మొదటి విచారణకి ఒకటో కూర్పు వాళ్ళ తరఫున కందర్ప భానుమూర్తిగారు వచ్చారు. తంతి తపాలా శాఖలో చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్ట వేసిన పాత పుస్తకం.

"మా ముఖ్యమైన అభ్యంతరం ముప్ఫై ఒకటో పేజీ మీద," అన్నారు ఆయన. "మీరు గుర్రం అని రాశారు. అది గుర్తం."

"గుర్తం అంటే ఏమిటండీ?" అని నరహరిగారు అడిగారు.

"అదే మాకూ తెలియదు. ముప్ఫయ్యేళ్ళుగా తెలియదు. అందుకే అది వస్తోందంటే మాకు భయం."

సత్యవేణికి విషయం తెలుసు. ఒకటో కూర్పు అచ్చు వేసినప్పుడు ప్రెస్సులో తప్పు పడింది. గుర్రం కాస్తా గుర్తం అయింది. కొన్నవాళ్ళు అది ఏదో వింత జంతువనుకుని అలాగే ఆడారు. కొందరు దానికి ఆరు కాళ్ళన్నారు, కొందరు అది చీకట్లోనే పరిగెడుతుందన్నారు. రెండో కూర్పులో ఆ తప్పు దిద్దారు. దాంతో కొత్తవాళ్ళకి గుర్రం మిగిలింది, పాతవాళ్ళకి గుర్తం మిగిలింది. ఇప్పుడు ఎవరి జంతువుని తీసినా ఇంకొకరి తృప్తికి లోటొస్తుంది.

"అది అచ్చుతప్పండీ," అంది సత్యవేణి వీలైనంత మెల్లగా.

"నాకు తెలుసమ్మా," అన్నారు భానుమూర్తిగారు అంతే మెల్లగా. "ఇరవై రెండేళ్ళ కిందటే తెలిసింది. మా వాళ్ళతో అనలేదు."

నరహరిగారు ఇద్దరి మాటా రాసుకున్నారు. ఆ పేజీలో "గుర్రం లేక గుర్తం, ఆడువారి విశ్వాసమును బట్టి" అని మార్చమన్నారు. ఆడువారి అంటే స్త్రీల విశ్వాసమా అని మూడో కూర్పు వాళ్ళు అభ్యంతరం పంపారు. దానికి వివరణగా ఇంకో పేరా చేరింది.

ఇలా ఆరు నెలలు గడిచేసరికి అరవై నాలుగు పేజీల పుస్తకం పదకొండు వందల పేజీలయింది. ఇక దీన్ని తేల్చాలని కమిషనర్ మార్తాండరావుగారు స్వయంగా రంగంలోకి దిగారు. ఆయన మాట్లాడితే పక్కన ఎవరో ఒకరు రాసుకుంటూ ఉండాలి, లేకపోతే ఆయనకి మాట రాదు.

"మూడు కూర్పులను విడదీయరాని విధంగా ఏకకాలమున సమన్వయపరుద్దాం. ప్రతి బల్లకు ముగ్గురు సూత్రధారులు ఉందురు. ఎవరి కూర్పు ప్రకారం వారు నడుపుదురు. తద్వారా ఎవరికీ లోటు ఉండదు," అన్నారు.

ఆయన సమక్షంలో ఓ బుధవారం పొద్దున్నే నమూనా ఆట పెట్టారు. ఒకటో కూర్పు నుంచి భానుమూర్తిగారు, రెండో కూర్పు నుంచి జూనియర్ కాలేజీ లెక్చరర్ మస్తాన్ వలీ, మూడో కూర్పు నుంచి ఇందుజ అనే బ్యాంకు ఉద్యోగిని ఆడడానికి కూర్చున్నారు. ఎదురుగా ముగ్గురు సూత్రధారులు. మస్తాన్ వలీది సిపాయి వేషం. మొదటి పాచికకే ఆయన గోతిలో పడ్డాడు.

"చనిపోయారు. ఇంటికెళ్ళి నెల తర్వాత రండి," అన్నాడు ఒకటో కూర్పు సూత్రధారి.

"దయ్యం అయ్యారు. ఇక్కడే తిరుగుతూ ఉండండి," అన్నాడు రెండో కూర్పు సూత్రధారి.

"స్పృహ తప్పింది. పది నిమిషాల్లో లేస్తారు," అంది మూడో కూర్పు సూత్రధారి.

మస్తాన్ వలీ కమిషనర్ గారి వైపు తిరిగాడు. "సార్, నేను లేవనా, కూర్చోనా?"

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. నరహరిగారు కలం తీశారు. "సదరు సిపాయి ప్రస్తుత స్థితిపై ఏకాభిప్రాయం లేనందున, తుది నిర్ణయం వెలువడు పర్యంతం ఆయన యథాతథ స్థితిలో కొనసాగుదురు గాక."

మస్తాన్ వలీ యథాతథ స్థితిలో ఒంటిగంటన్నర దాకా కొనసాగాడు. భోజనాల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఒకటో కూర్పు ప్రకారం ఆయన శవం, రెండో దాని ప్రకారం దయ్యం, మూడో దాని ప్రకారం స్పృహ లేని మనిషి. ఏ కూర్పు ప్రకారం చూసినా అన్నం తినే స్థితిలో లేడని తేలడంతో ఆయన పేర విస్తరి వెయ్యలేదు. ఆ రోజుకి మూడు కూర్పులూ ఏకీభవించిన విషయం అదొక్కటే. కమిషనర్ గారు దాన్ని పురోగతిగా నమోదు చేయించారు.

సత్యవేణి వరండాలోకి వచ్చి చూస్తే, మస్తాన్ వలీ బెంచీ మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. పక్కనే డబ్బా మూత పట్టుకుని భానుమూర్తిగారు. అది ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా.

"మీరు ఆయన్ని చచ్చిపోయాడని కదండీ అనాలి," అంది సత్యవేణి.

"లోపల అలాగే అన్నాను. ఇది వరండా," అన్నారు భానుమూర్తిగారు.

సత్యవేణి కూడా బెంచీ చివర కూర్చుంది. ఆమెకి పొద్దుటి నుంచి తలనొప్పిగా ఉంది. ఒకమాట అడగాలని చాలా రోజులుగా అనుకుంటోంది, అడిగేసింది. "నేను కొత్త పుస్తకం రాసినంత మాత్రాన మీ పాత పుస్తకాన్ని ఎవరూ లాక్కోరు కదండీ. మీ గుర్తం మీ దగ్గరే ఉంటుంది. మీరెప్పటిలాగే ఆడుకోవచ్చు. మరి నా దానితో మీకెందుకు పేచీ?"

ఆయన డబ్బా మూత చొక్కా అంచుతో తుడిచారు. "మేం అయిదుగురం ఆడేవాళ్ళమమ్మా. ఇద్దరు పోయారు, ఒకాయనకి చూపు ఆనదు. పుస్తకం మారుతోందంటే ఆ సాయంత్రాలన్నీ కొట్టేస్తున్నట్టు అనిపిస్తుంది. ఇది తెలివైన మాట కాదని నాకూ తెలుసు."

"మరి సంతకం పెట్టేయొచ్చు కదా?"

"పెట్టేద్దుననుకో. కానీ ఇన్నేళ్ళుగా నన్నెవరూ ఏదీ అడగలేదు. మొదటిసారి గవర్నమెంటు కవరు పంపించి మీకు తృప్తిగా ఉందా అని అడిగింది. వెంటనే ఉందని చెప్పేస్తే మళ్ళీ పిలవరు."

మస్తాన్ వలీ తింటున్నవాడల్లా తల ఊపాడు. ఆయనా అందుకే వస్తున్నాడు.

సత్యవేణికి కోపం రావాలి, రాలేదు. ఎనిమిది వేల మందిని పిలిచి అడిగిన ప్రభుత్వం, ఈ ఆట ఎప్పుడూ ఆడనివాళ్ళలో ఒక్కరినీ అడగలేదని మాత్రం అనుకుంది. వాళ్ళ కోసమే ఆమె పుస్తకం రాసింది. వాళ్ళకి ఫారం లేదు.

పదకొండు వందల పేజీల సమన్వయం వీగిపోయాక కమిషనర్ గారు రెండో ఉపాయం చెప్పారు. "చేర్చుట వలన సమస్య. కావున తొలగింతము. ముసాయిదాలో ఎవరికి ఏ వాక్యము మీద అభ్యంతరము ఉన్నదో, సదరు వాక్యమును కొట్టివేయవలెను. మిగిలినదే సర్వామోదమైన కూర్పు."

సత్యవేణి మొదట రాసిన అరవై నాలుగు పేజీలనూ ఎనిమిది వేల మందికి పంపారు. వాళ్ళు కొట్టేసినవి కొట్టేసినట్టు తిరిగి పంపారు. నరహరిగారు ఎర్ర సిరాతో అన్నీ ఒక ప్రతిలోకి ఎక్కించారు. పదకొండు వారాల తర్వాత ఆయన ఆ ప్రతి తీసుకుని సత్యవేణి దగ్గరికి వచ్చారు. ఆయన ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది.

"ఒక వాక్యం నిలబడిందమ్మా. మూడో పేజీలో."

సత్యవేణి చూసింది. "ఆటకు కూర్చునే ముందు మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి."

మర్నాడు భీమడోలు నుంచి ఒకటో కూర్పు అభిమాని ఉత్తరం వచ్చింది. తాము మొదటి నుంచీ మజ్జిగ పెట్టుకునే ఆడుతున్నామనీ, నీళ్ళని విధించడం తమ సంప్రదాయానికి భంగమనీ అందులో ఉంది. నరహరిగారు ఎర్ర సిరా తీశారు. ఆ తర్వాత పేజీ అంకెలు మిగిలాయి. పాత కూర్పుల్లో తెలుగంకెలు ఉండేవని కొందరన్నారు, ఇప్పుడవి ఎవరికీ అర్థం కావని కొందరన్నారు. అంకెలూ పోయాయి. అట్ట రంగు మీద వాదన మొదలవగానే కమిషనర్ గారు ముందుచూపుతో రంగు వద్దన్నారు.

అరవై నాలుగు తెల్ల పేజీలు, తెల్ల అట్ట. దాన్ని ఎనిమిది వేల మందికీ పంపితే నెల తిరక్కుండా ఎనిమిది వేల తృప్తి పత్రాలూ వచ్చాయి. భానుమూర్తిగారిది కూడా వచ్చింది. తణుకాయన తండ్రి తరఫున వేరుగా, తన తరఫున వేరుగా తృప్తి చెందాడు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు అక్షరాలా నెరవేరడం తన సర్వీసులో ఇదే మొదటిసారని నరహరిగారు అన్నారు. నిజానికి నెరవేరినచోట అక్షరాలే లేవు, కాని ఆ మాట సత్యవేణి పైకి అనలేదు.

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. కమిషనర్ గారు పుస్తకం తెరిచి సభకు చూపించారు. "ఇందులో అభ్యంతరకరమైన ఒక్క మాట చూపించండి," అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు. నియమ రచయిత్రిగా సత్యవేణికి శాలువా కప్పారు. మూడేళ్ళ కష్టానికి ఫలితమని ప్రశంసాపత్రంలో రాశారు.

పుస్తకం బాగానే పోయింది. ఇంటర్ పిల్లలు లెక్కలు చేసుకోవడానికి కొన్నారు. సత్యవేణి కూడా ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్ళింది. వారం రోజులు దాన్ని అలమరలో పెట్టి ఊరుకుంది. ఎనిమిదో రోజున కలం తీసి, తను రాసిందంతా గుర్తున్నంతవరకు ఆ తెల్ల పేజీల్లో మళ్ళీ రాసింది. గుర్తు లేని చోట ఇంకొంచెం మంచిగా వచ్చింది.

వాళ్ళ వీధి చివర పైడమ్మ కుట్టుమిషన్ షాపు ఉంది. జాకెట్లు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు సత్యవేణి ఆ పుస్తకం అక్కడ పెట్టి మర్చిపోయింది. తిరిగి వెళ్ళేసరికి పైడమ్మ అందులో సగం చదివేసింది. "ఇందులో దొంగ గోడెక్కేటప్పుడు చెప్పులిప్పాలా, అక్కర్లేదా? అది రాయలేదేంటక్కా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో సత్యవేణిని ఆటలోని సంగతి అడిగిన మొదటి మనిషి ఆమే. 

తర్వాతి గురువారం మధ్యాహ్నం నుంచి ఆ షాపులో బట్టలు కత్తిరించే బల్లమీద ఆట మొదలైంది. పైడమ్మ సిపాయి. పాలకేంద్రం నడిపే నూర్జహాన్ వ్యాపారి. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన రాజరత్నమ్మ వైద్యురాలు. వైద్యం విషయంలో పుస్తకంలో ఉన్నది తప్పని చెప్పి ఆవిడే దిద్దింది. సత్యవేణి సూత్రధారి. నాలుగు గురువారాలు అయ్యేసరికి పక్క వీధి వాళ్ళు వచ్చి ఆ పుస్తకాన్ని జెరాక్స్ తీయించుకున్నారు.

అయిదో వారం సత్యవేణికి నోటీసు వచ్చింది. పంపింది ఆమె పనిచేసే పరిషత్తే. నాలుగో కూర్పు ప్రతిలో ఆమె స్వహస్తంతో రాసినది ఐదో కూర్పు కిందకి వచ్చునని, అందుకు నాలుగో కూర్పు అభిమానుల తృప్తి పొందలేదని ఆరోపణ. ఫిర్యాదు చేసింది ఖాళీ కూర్పు అభిమానుల సంఘం. తెల్ల పేజీలంటే తమకు ప్రాణమనీ, అందులో సిరా పడడం చూసి తట్టుకోలేకపోయామనీ వాళ్ళు రాశారు. ఆ సంఘానికి అప్పుడే నాలుగు జిల్లాల్లో శాఖలున్నాయి.

విచారణ గురువారం సాయంత్రం నాలుగున్నరకి. ఆటరోజు కాబట్టి పైడమ్మ, నూర్జహాన్, రాజరత్నమ్మ కూడా సత్యవేణి వెంట వచ్చారు. సాక్షులుగా కాదు, అటు నుంచి అటే షాపుకి వెళ్ళిపోవచ్చని. కమిషనర్ గారు మధ్యలో కూర్చున్నారు, పక్కన కలం పట్టుకుని నరహరిగారు.

నరహరిగారు ఆరోపణ చదువుతున్నారు. రెండో పేజీ తిప్పుతుండగా పైడమ్మ చెయ్యెత్తింది.

"సార్, ఇది ఎంతసేపు పడుతుందండీ? మేం వంతెన మధ్యలో ఉన్నాం."

"ఏ వంతెన?" అన్నారు నరహరిగారు.

"తాళ్ళ వంతెనండీ. నాలుగో కోటకి వెళ్ళాలంటే అదే దారి. పోయిన వారం ఒకపక్క తాడు తెగింది. నూర్జహాన్ బస్తాతో సహా వేలాడుతోంది."

"వారం రోజుల నుంచా?"

"అవునండీ," అంది నూర్జహాన్. "బస్తా వదలమంటున్నారు. నేను వదలను."

కమిషనర్ గారు ఇది ప్రస్తుతాంశం కాదని చెప్పబోయి ఆగారు. "బస్తాలో ఏమున్నది?" అని అడిగారు. ఈసారి ఎవరూ రాసుకోకుండానే ఆయనకి మాట వచ్చింది.

"ఉప్పండీ. కోటలో వాళ్ళకి ఆరు నెలలుగా ఉప్పు లేదు."

నరహరిగారు కాగితాలు పక్కన పెట్టారు. "రెండో తాడు కూడా తెగు పక్షమున ప్రత్యామ్నాయ ఏర్పాటు ఏమిటి?"

"మీరే చెప్పండి సార్," అంది రాజరత్నమ్మ. "మాలో దొంగ వేషం ఖాళీగా ఉంది. దొంగైతే తాడు మీద పాకి వెళ్ళి పట్టుకోవచ్చు."

నరహరిగారు కమిషనర్ గారి వైపు చూశారు. కమిషనర్ గారు కిటికీ వైపు చూస్తూ, "పరిశీలనార్థం మాత్రమే," అన్నారు.

సత్యవేణి సంచీలోంచి పాచికలు తీసి బల్లమీద పెట్టింది. నరహరిగారు వాటిని అలవాటు ప్రకారం వెనక్కి తిప్పి చూశారు. చెప్పులు విప్పాలా అని అడిగారు. విప్పడమే మంచిదని పైడమ్మ చెప్పింది. ఆయన నిజంగానే బల్ల కింద చెప్పులు విడిచి, పాచికలు వేశారు. నాలుగు పడింది.

"నాలుగు సరిపోతుందామ్మా?" అన్నారు.

"నూర్జహాన్ చెయ్యి అందింది సార్," అంది సత్యవేణి. "పట్టుకున్నారు. కాని మీ బరువుకి తాడు కిందకి దిగుతోంది. కింద నది శబ్దం వినిపిస్తోంది. ఏం చేస్తారు?"

నరహరిగారు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు. గడియారం అయిదు కొట్టింది. అటెండరు తాళాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, లోపల కమిషనర్ గారు కుర్చీ అంచుకి వచ్చి కూర్చుని ఉండడం చూసి అక్కడే నిలబడిపోయాడు.

ఆనాటి విచారణ నివేదిక ఇప్పటికీ పరిషత్తు ఫైల్లో ఉంది. నరహరిగారి చేతిరాత. "ఆరోపణలపై వాదనలు వినుటకు సమయము చాలలేదు. సంయుక్త సంచాలకులు ప్రస్తుతము తాడు మీద ఉన్నారు. వారు ఆవలి గట్టు చేరుదురా లేదా అను అంశము తేలనందున విచారణ వచ్చే గురువారమునకు వాయిదా వేయడమైనది. కమిషనర్ వారికి సరిపడు వేషము ఒకటి ఈలోగా సిద్ధము చేయవలసినదిగా నియమ రచయిత్రిని ఆదేశించడమైనది."